పంపిన సొమ్ముతో మన విలువ తేలదు

గల్ఫ్‌లో ఉన్న మనకు రెండు లెక్కలు ఎప్పుడూ నాలుక మీదే ఉంటాయి. జీతం ఎన్ని రియాళ్లు, ఇంటికి పంపింది ఎంత. ఈ రెండూ బాగున్నన్నాళ్లు మనిషి ధీమాగా తిరుగుతాడు. జీతం ఆగినా, ఓవర్‌టైమ్ తగ్గినా, ఇకామా రెన్యువల్ కాకపోయినా ముందు కుంగేది మనసే. "నేను దేనికీ పనికిరాను" అనే మాట అప్పుడే లోపల పుడుతుంది. దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడన్న నమ్మకం ఆ మాటకు ఏం జవాబు చెబుతుందో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

నేను ఉండేది రాబిగ్‌లో. జెద్దాకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఊరు. రిఫైనరీలు, కరెంటు ప్లాంట్ల పనుల మీద మనవాళ్లు ఇక్కడికి వస్తుంటారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు మా పక్క గదిలో ఉండేవాడు. స్కాఫోల్డింగ్ పని. మూడు నెలలు జీతం రాలేదు. ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. ఎందుకని అడిగితే, "పైసలు పంపకుండా ఏం మొఖం పెట్టుకుని మాట్లాడాలె అన్నా?" అన్నాడు. తిండికి మేమంతా ఉన్నాం. అతనికి కరువైంది తన మీద తనకు ఉండాల్సిన గౌరవం.

మన చేతి పనికి కంపెనీ కట్టేది ధర. మార్కెట్‌ను బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. మనిషి విలువ వేరే సంగతి. పుట్టిన బిడ్డ ఏ పనీ చేయకముందే తల్లి గుండెకు హత్తుకుంటుంది. దేవుడి ప్రేమ కూడా అలాంటిదేనని భక్తులు నమ్ముతారు. మనం సంపాదించి తెచ్చుకున్నది కాదు కాబట్టి జీతం ఆగిన నెలలో అది ఆగదు.

ఈ సంగతిని గుర్తు చేసే దృశ్యం రాబిగ్ దగ్గరే కనిపిస్తుంది. ఈజిప్టు, సిరియా వైపు నుంచి మక్కాకు వచ్చే యాత్రికులకు మీకాత్ అయిన జుహ్ఫా ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది. అక్కడ మగవాళ్లు మామూలు బట్టలు తీసేసి, కుట్టులేని రెండు తెల్లగుడ్డలు ధరిస్తారు. వాటి మీద హోదా ఉండదు, కంపెనీ బ్యాడ్జీ ఉండదు. యజమాని ఎవరో, పనివాడెవరో చూసి చెప్పలేం. దేవుడి ముందుకు వెళ్లే మనిషికి ఇకామాలో రాసిన ఉద్యోగం పేరుతో పని లేదు.

మన తెలుగు నేలలో ఈ నమ్మకం వేల మందిని ఒకేసారి తలెత్తి నిలబెట్టిన చోటు ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డారు. ఆయన దగ్గరకు మొదట వచ్చిన మాదిగల్లో యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. అగ్రకులాల వారు అభ్యంతరం చెప్పారు; మాదిగలను చేర్చుకుంటే తాము దూరంగా ఉంటామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని క్లౌ రాసుకున్నారు. లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. మాదిగలను చేర్చుకున్నారు.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని పేదలకు పని కల్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన వాళ్ల పిల్లలు పలకా బలపం పట్టి బడికి వెళ్లసాగారు. దేవుడికి మనం కావాలి అన్న నమ్మకం కుదిరాక, మాకూ చదువు కావాలి అని అడగడానికి నోరు పెగిలింది.

ప్రేమ మీద నమ్మకం అంటే నోరు మూసుకుని పడి ఉండటం కాదని భద్రాచల రామదాసును చూసినా తెలుస్తుంది. కంచర్ల గోపన్నగా తహసీల్దారు ఉద్యోగం చేసిన ఆయన, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు గడిపాడని చెబుతారు. పదవి పోయింది, సంకెళ్లు పడ్డాయి. అయినా చెరలో ఉండి రాముణ్ని బతిమాలాడు, దెప్పిపొడిచాడు, నిలదీశాడు. పరాయివాణ్ని ఎవరూ అలా నిలదీయరు. తనను కాదనడన్న ధీమా ఉన్నచోటే ఆ చనువు వస్తుంది.

కాబట్టి జీతం ఎగ్గొడితే, "దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకోవద్దు. కాంట్రాక్టు కాగితం, ఇకామా కాపీ, జీతం పడిన మెసేజ్‌లు దాచుకోండి. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు జెద్దాలోని భారత కాన్సులేట్‌కు వెళ్లొచ్చు. భారత ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. నాకు విలువ ఉంది అని నమ్మినవాడే నా కష్టార్జితం నాకు ఇవ్వండి అని గట్టిగా అడగగలడు. మనసు మరీ కుంగిపోయి నిద్ర, తిండి పోతే డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థన చేసుకునేవాడు మందు వేసుకుంటే భక్తి తగ్గదు.

ఇక్కడ మనకు గుడి లేదు, చర్చి లేదు. హిందువులైనా, క్రైస్తవులైనా భక్తిని మనసులోనే ఉంచుకోవాలి. అందుకే ఇంటి నుంచి వచ్చే మాటకు బలం ఎక్కువ. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు, భార్యాబిడ్డలకు నాదొక్కటే విన్నపం. ఫోన్ ఎత్తగానే "ఎప్పుడు పంపుతున్నావ్?" అని అడగకండి. "తిన్నావా? ఒంట్లో ఎట్లుంది?" అని ముందు అడగండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. పంపినా పంపకపోయినా నువ్వు మావాడివే అన్న మాట ఇంటి నుంచి వింటే, దేవుడి ప్రేమను నమ్మడం ఇంత దూరంలో ఉన్న మనిషికి చాలా తేలికవుతుంది.