పాయసం కప్పు వంగిపోయిన ఉగాది

కిందటేడాది విశ్వావసు ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళం ఎప్పటిలాగే ఒక హాలు అద్దెకి తీసుకున్నాం. కాలిఫోర్నియాలో ఓ మోస్తరు ఊరు మాది. వంద పైచిలుకు కుటుంబాలు, మూడు వందల యాభై మందికి భోజనాలు. వంటలో నాకంత పేరు లేదు కనుక కమిటీలో నాకు అప్పజెప్పిన పని ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు కొనడం. నేను ఊరుకుంటానా! ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, ఇంకా ప్లాస్టిక్ ప్లేట్లేమిటని మీటింగులో ఒక ఉపన్యాసం ఇచ్చి, మీద ఆకు బొమ్మ, కింద "కంపోస్టబుల్" అన్న ముద్ర ఉన్న సరుకు తెప్పించాను. మామూలు వాటికంటే రెండు వందల ఎనభై డాలర్లు ఎక్కువైంది. ఆ డబ్బు పిల్లల నాటకానికి కాలర్ మైకులు తెద్దామని దాచింది. పాపం, పిల్లలు గొంతు చించుకుని నాటకం వేశారు.

తేడా ఉందని మొదట చెప్పింది పాయసమే. వేడి వేడి సేమ్యా పాయసం పోయగానే అద్దంలా మెరిసే ఆ కప్పు మెత్తబడి, ఒక పక్కకి వాలి, ఓ పెద్దాయన పట్టుపంచె మీద ఒలికింది. నవ్వుకున్నాం, తుడిచాం. సాయంత్రం ఎంగిలి ప్లేట్లూ కప్పులూ అన్నీ ఆకుపచ్చ చెత్తడబ్బాల్లో వేయించి, కంపోస్టు అయిపోతాయని గర్వంగా ఇంటికొచ్చాను.

నాలుగో రోజు హాలు మేనేజరు ఫోన్ చేశాడు. చెత్త లారీ వాళ్ళు ఆ డబ్బాల్ని ముట్టుకోకుండా, ఎర్ర చీటీ కట్టి వెళ్ళిపోయారట. అందులో ప్లాస్టిక్ ఉందని. అవన్నీ మామూలు చెత్తకింద తీసుకెళ్ళడానికి అదనపు రుసుము కమిటీ కట్టాలి. "కంపోస్టబుల్ అని రాసి ఉంది కదండీ" అని వాదించబోయాను. మా కౌంటీ కంపోస్టు కేంద్రం ఆ కప్పులు తీసుకోదని, ఆ మాట ఊరి వెబ్‌సైటులో రాసే ఉందని ఆయన మర్యాదగానే చెప్పాడు. చూశాను. రాసే ఉంది.

నన్నెవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. మేమంతా పిన్నిగారూ అని పిలిచే కమిటీ పెద్దావిడ మాత్రం, "పోనీలే అమ్మాయ్, మైకులు వచ్చే ఏడు తెచ్చుకుందాం" అంది.

ఆ కప్పు సంగతి తర్వాత తీరిగ్గా చదువుకున్నాను. అది పీఎల్ఏ, అంటే పాలీ లాక్టిక్ యాసిడ్. మన పెరుగుకి పులుపునిచ్చే లాక్టిక్ యాసిడే. మొక్కజొన్న నుంచి తీసిన చక్కెరని పులియబెట్టి దాన్ని తయారుచేసి, ఆ అణువుల్ని దండలా గుచ్చితే వచ్చే ప్లాస్టిక్. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. పాయసం దానికంటే వేడిగా ఉంటుంది కదా! అది కుళ్ళి మట్టిలో కలవడానికీ ఇంచుమించు అంత వేడే కావాలి. ఒక పూట కాదు, తడీ గాలీ తగులుతూ వారాల తరబడి. అంత వేడి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉంటుంది, మన పెరటి కుప్పలో ఉండదు. చెత్తదిబ్బలో పూడ్చితే మామూలు ప్లాస్టిక్ లాగే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. మరి పెద్ద కేంద్రాలు ఎందుకు వద్దంటాయి? కుప్పలో ఏది పీఎల్ఏనో, ఏది మామూలు ప్లాస్టిక్కో చూసి ఏరడం వాళ్ళవల్ల కాదు. పైగా సేంద్రియ వ్యవసాయానికి అమ్మే కంపోస్టులో ఇలాంటి కృత్రిమ పాలిమర్లు ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ నిబంధన. కొనే రైతే వద్దన్నాక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

ఇంకో చిక్కు. చూడటానికి అచ్చం మంచినీళ్ళ సీసా ప్లాస్టిక్‌లాగే ఉంటుంది కనుక దీన్ని నీలం డబ్బాలో వేస్తే అక్కడ అసలు సీసాల ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది. ఆకుపచ్చకీ చెందక, నీలానికీ చెందక, త్రిశంకు స్వర్గం.

ఉక్రోషమో, చదువుకున్న పొగరో, అసలు ఏ డబ్బాలో వేసింది ఎక్కడికి పోతుందో చూడాలనిపించింది. మా కౌంటీ రీసైక్లింగ్ ఏరివేత కేంద్రంలో నెలకోసారి జనాన్ని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు. మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. లారీలు తెచ్చి పోసిన గుట్టలోంచి సరుకు కన్వేయర్ బెల్టుల మీద పరుగెడుతుంది. ముందు కొందరు మనుషులు చేతి తొడుగులు వేసుకుని, పెద్ద పెద్ద అడ్డగోలు వస్తువుల్ని లాగేస్తుంటారు. తోటకి నీళ్ళు పెట్టే గొట్టాలు, డైపర్లు, దీపావళి లైట్ల తీగలు కూడా! తర్వాత గుండ్రంగా తిరిగే చక్రాల వరస మీద అట్టపెట్టెలు తేలిపోయి, సీసాలూ డబ్బాలూ కింద పడతాయి. అయస్కాంతం ఇనప డబ్బాల్ని పట్టుకుంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కదా, దానికోసం వేగంగా తిరిగే ఇంకో అయస్కాంతపు చక్రం పెట్టారు. ఎడ్డీ కరెంట్లు పుట్టి కూల్‌డ్రింక్ డబ్బాలు కప్పల్లా ఎగిరి అవతలి తొట్టిలో పడ్డాయి. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో బట్టీ పట్టిన ముక్క అలా కళ్ళముందు గంతులేస్తుంటే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

ప్లాస్టిక్ దగ్గర పని పరారుణ కాంతిది. ఒక్కో ప్లాస్టిక్ ఆ కాంతిని ఒక్కో రకంగా తిప్పి కొడుతుంది. యంత్రం అది గమనించి ఉఫ్ అని గాలి ఊది, ఏ రకాన్ని ఆ రకం వైపు తోస్తుంది. ఇక్కడే మనం వినాల్సిన మాట ఒకటుంది. బిర్యానీ పార్సిలు వచ్చే నల్లటి డబ్బాలు ఉంటాయి చూడండి, కడిగి తుడిచి ఎంత భక్తిగా నీలం డబ్బాలో వేస్తామో! ఆ నలుపు కార్బన్ మసి. మన కాటుకకి చుట్టం. అది పరారుణ కాంతిని మింగేస్తుంది. యంత్రానికి అక్కడ డబ్బా ఉన్నట్టే తెలియదు. బెల్టు చివరిదాకా పోయి చెత్తలో పడుతుంది.

ఇండియన్ స్టోరు సంచులు, బియ్యం బస్తా లోపలి కవర్లు తిరిగే చక్రాలకి జడల్లా చుట్టుకుపోతాయి. రోజూ యంత్రం ఆపి, మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తీయాలి. చూపించే అమ్మాయి ఒక చక్రం దగ్గర ఆగి ఆ చిక్కుముడి చూపించింది. అందులో పసుపు రంగు పప్పు కవరు ఒకటి నాకు బాగా తెలిసిన బ్రాండు. నేనేమీ మాట్లాడలేదు.

ఇక డబ్బాల అడుగున త్రికోణంలో ఉండే అంకె. ఆ మూడు బాణాల గుర్తు 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం గీసింది, కాగితం అట్టల కోసం. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళు తమ సరుకు ఏ రకమో చెప్పే 1 నుంచి 7 అంకెలకి అలాంటి బాణాల త్రికోణమే చుట్టూ పెట్టుకున్నారు. అంకె ఆ ప్లాస్టిక్ ఏమిటో చెబుతుందంతే, అది మళ్ళీ వాడుకలోకి వస్తుందని కాదు. 1 అంటే మంచినీళ్ళ సీసా, 2 అంటే పాల క్యాను, ఈ రెంటికీ చాలాచోట్ల కొనేవాళ్ళున్నారు. మన ఫ్రిజ్‌లో పెరుగో, చట్నీయో, నిన్నటి సాంబారో మూత తీస్తే గాని తెలియని ఆ పెరుగు డబ్బా మామూలుగా 5. దానికి కొన్ని ఊళ్ళలో గిరాకీ ఉంది, కొన్నిటిలో లేదు. 3, 6, 7 దాదాపు ఎవరికీ అక్కర్లేనివి. నా పాయసం కప్పు 7. 2013లో ఆ బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టాలని ప్రమాణం మార్చారు గాని, పాత అచ్చులు ఇంకా అలాగే నడుస్తున్నాయి.

2017లో రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లావెండర్ లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మొత్తం లెక్క కట్టారు. 2015 దాకా లోకంలో తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు చెత్తయింది. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం, మిగిలిన 79 శాతం దిబ్బల్లోనూ నేలమీదా నీళ్ళలోనూ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ 2018 లెక్కల్లోనూ ఇక్కడి ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది 8.7 శాతమే.

మరి ఇన్నాళ్ళూ నీలం డబ్బాలో వేసినదంతా? చాలాభాగం ఓడలెక్కి చైనా వెళ్ళేది. 2018లో చైనా గేట్లు మూసింది. అప్పుడు ఆ కంటైనర్లు మలేషియా, వియత్నాం, థాయ్‌లాండ్ దారి పట్టాయి. మలేషియాలో జెంజారోం అనే ఊళ్ళో అనుమతుల్లేని ప్లాస్టిక్ కర్మాగారాలు పుట్టుకొచ్చి, పనికిరానిది రాత్రిళ్ళు కాలుస్తుంటే ఊరివాళ్ళే తిరగబడి ఫిర్యాదులు చేశారు. 2020 జనవరి నాటికి ఆ ప్రభుత్వం 150 కంటైనర్లు ఏ దేశానివి ఆ దేశానికి తిప్పి పంపింది, అమెరికాకి కూడా. తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇది చదివే మలేషియా అక్కలకి ఈ కథ నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నేను కాలిఫోర్నియాలో కడిగి ఆరబెట్టి వేసిన డబ్బా వాళ్ళ పెరటి గాలిలో పొగ అయి ఉండొచ్చు. 2021 నుంచి బేసెల్ ఒప్పందం ప్రకారం ఒప్పుకోలు లేకుండా మురికి ప్లాస్టిక్ ఇంకో దేశానికి పంపకూడదు. ఆ ఒప్పందంలో అమెరికా సభ్యదేశం కాదు.

ఇదంతా విని మా అత్తయ్యగారు, "అయితే అన్నీ ఒకే దాంట్లో పడేద్దామా?" అన్నారు. కాదు, కాదు. అల్యూమినియం డబ్బాని కరిగించి మళ్ళీ డబ్బా చేస్తే, ఖనిజం నుంచి కొత్తగా చేయడానికి అయ్యే విద్యుత్తులో 95 శాతం మిగులుతుంది. గాజు ఎన్నిసార్లు కరిగించినా గాజే. ప్లాస్టిక్ అలా కాదు, కరిగించిన ప్రతిసారీ దాని అణువుల గొలుసు తెగి పొట్టిదవుతుంది. కడిగిన 1, 2 సీసాలు, అట్టపెట్టెలు, గాజు, డబ్బాలు - వీటికి నీలం డబ్బా నిజంగా పనికొస్తుంది.

అత్తయ్యగారికి అసలు నచ్చింది సీసాల డబ్బు. కాలిఫోర్నియాలో 1987 నుంచి కూల్‌డ్రింకు కొన్నప్పుడు సీసాకి కొంత డబ్బు కట్టించుకుని, ఖాళీది తిరిగిస్తే ఇచ్చేస్తారు. 24 ఔన్సుల లోపుదానికి 5 సెంట్లు, ఆపైన 10. తెనాలిలో పాత పేపర్లు తూకం వేయించిన మనిషి, తక్కెడ దగ్గర ఆవిడని మోసం చేసినవాడు లేడు. ఆరు నెలల వీసాలో నలభై మూడు డాలర్లు సంపాదించి మనవరాలికి బొమ్మ కొన్నారు.

నాకు మాత్రం అన్నిటికంటే విలువైనదనిపించింది ఆకుపచ్చ డబ్బా. అమెరికా చెత్తదిబ్బల్లోకి పోయే సరుకులో అన్నిటికంటే ఎక్కువ తిండే, దాదాపు నాలుగో వంతు. గాలి తగలకుండా పూడిస్తే అది మీథేన్ అవుతుంది. నూరేళ్ళ లెక్కలో భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడు కంటే పాతిక రెట్లకి పైగా శక్తి దానిది. అందుకే 2022 నుంచి ఈ రాష్ట్రంలో వంటింటి చెత్తని వేరుగా తీసుకెళ్ళాలని చట్టం తెచ్చారు. రోజూ కూరగాయలు తరిగే ఇళ్ళు మనవి. బీరకాయ తొక్కు పచ్చడికి పోగా మిగిలినది, దోసకాయ చేదు ముక్కలు, కరివేపాకు ఈనెలు, కాచి వడగట్టిన టీపొడి అన్నీ అందులోకే. కాగితం సంచిలో వేస్తే వాసన తగ్గుతుంది.

చట్టాల గురించి రెండు ముక్కలు. 2022లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం ప్యాకింగ్ చెత్త ఖర్చు తయారుచేసిన కంపెనీలే భరించాలి. 2032కల్లా ఒక్కసారి వాడి పారేసే ప్యాకింగ్ అంతా రీసైకిలో కంపోస్టో అయ్యేలా ఉండాలి. థర్మోకోల్ గిన్నెలు 2025 జనవరి నుంచి పోయింది దాని పుణ్యమే. దుకాణాల్లో "మళ్ళీ వాడుకోండి" అంటూ పది సెంట్లకి అమ్మిన మందం ప్లాస్టిక్ సంచులు 2026 జనవరి నుంచి లేవు, ఇంకో చట్టంతో. ఇండియాలోనూ 2022 జూలై నుంచి కొన్ని రకాల ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు నిషేధం. అమలు మాట పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళు చెప్పాలి.

మళ్ళీ మా హాలు దగ్గరికొస్తాను. దసరాకి చెరకు పిప్పి ప్లేట్లు చూశాం. నూనె పీల్చకుండా వాటికి పీఫాస్ అనే మొండి రసాయనాలు కలిపేవారు. కాలిఫోర్నియా 2023లో నిషేధించింది కనుక ఇక్కడ అమ్మేవి కాస్త నయం. పోకమట్ట ప్లేట్లు తెద్దామన్నారు ఒకరు. వక్కలోని అరెకోలిన్ లాంటివి తిండిలోకి దిగవచ్చని 2025లో ఎఫ్‌డీఏ వాటిని అమ్మవద్దంది. అప్పుడు నేను స్టీలు కంచాలు అన్నాను.

"కంచాలు బాగానే ఉంటాయి," అంది పిన్నిగారు. "కడిగేదెవరు? మా రోజుల్లో పెళ్ళంటే నాకు గుర్తొచ్చేది నాదస్వరం కాదు, పెరట్లో బూడిదా కొబ్బరిపీచూ."

ఎవ్వరూ మాట్లాడలేదు. నిజం కదా. కాగితం ప్లేటు భూమికి ఏంచేసినా మన నడుములకి మేలే చేసింది. ఆడవాళ్ళ నడుం మీద కట్టిన పర్యావరణం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

చివరికి దీపావళికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి ఇంటి కంచాలు, గ్లాసులు వాళ్ళే తెచ్చుకోవాలి, ఎంగిలి తుడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళి డిష్‌వాషర్‌లో వేసుకోవాలి. మూడింట రెండొంతుల మంది తెచ్చారు. మిగతావాళ్ళకి కాగితం ప్లేట్లు ఇచ్చాం. ఒకాయన పెళ్ళినాటి వెండికంచం తెచ్చి రాత్రంతా దాన్ని కాపలా కాశాడు. చెత్త సంచులు పదకొండు నుంచి నాలుగుకి తగ్గాయి.

రాబోయేది పరాభవ నామ సంవత్సరం. నా పరాభవం ఒక ఏడాది ముందే అయిపోయింది కనుక ధైర్యంగా మళ్ళీ ప్లేట్ల పనే తీసుకున్నాను. వంద స్టీలు కంచాలు కమిటీ తరఫున కొన్నాం, పాయసానికి స్టీలు గిన్నెలతో సహా. హాలు వంటింట్లో కడగడానికి పేర్లు రాసుకునే కాగితం తిప్పాం. మగవాళ్ళ పేర్లే రాయాలని పిన్నిగారు పైన ఎర్ర పెన్నుతో రాసింది. ఆరు ఖాళీల్లో ఇప్పటికి నాలుగు నిండాయి. మొదటి పేరు పట్టుపంచె పెద్దాయనది.