పాత రేడియోతో గిటారు ఆంప్లిఫయరు

అటకమీద మూలబడిన వాల్వు రేడియోలో గిటారు ఆంప్లిఫయరునకు వలయు సామగ్రి చాలవరకు ఉండును. గిటారు ఆంప్లిఫయర్లకు పేరుమోసిన లియో ఫెండరు 1938లో కాలిఫోర్నియాలో రేడియో మరమ్మతు దుకాణము తెరచినవాడే. అయినను పాత సెట్లన్నియు ఇందుకు తగవు.

ముందుగా మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు కలదో లేదో చూడవలెను. ఏ.సి.-డి.సి. సెట్లలో అది సాధారణముగా ఉండదు. ఛాసిస్ అను రేకుచట్రము నేరుగా కరెంటు తీగతోనే కలిసియుండును. రేడియో వినువానికి చెక్కపెట్టె అడ్డు. గిటారు తంతులో, కేబులు పైతొడుగు ద్వారా ఆ చట్రమునకే చేరును. ప్లగ్గు తిరుగబడినచో వాయించువాని వేళ్లు 230 వోల్టులను తాకినట్లే. అట్టి సెట్టును ముట్టకుండుటయే మేలు.

ట్రాన్స్‌ఫార్మరుగల సెట్టులో ఇ.ఎల్.84 అవుట్‌పుట్ వాల్వు, దాని ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు పనికివచ్చును. పికప్ ఇచ్చు సంకేతము అల్పము గనుక ముందు ఒక ఇ.సి.సి.83 వాల్వు చేర్చవలెను. వచ్చునది నాలుగైదు వాట్లే. ఇంటి కూడమునకు అది ఎక్కువే!

పాత ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లపై మాత్రము మమకారము వలదు, అవి ఎండిపోయియుండును. ఇ.ఎల్.84 గ్రిడ్డునకు పోవు కప్లింగు కండెన్సరును గూడ మార్చవలెను. అది లీకైనచో వాల్వు ఎర్రగా కాలి చెడును. స్విచ్చి కట్టిన పిదపను ఫిల్టరు కండెన్సర్లలో రెండు మూడు వందల వోల్టులు నిలిచియుండవచ్చును. రెసిస్టరు ద్వారా వాటిని ఖాళీచేసి, మీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. చట్రమును మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తుకు కలుపవలెను. స్పీకరు తగిలింపక స్విచ్చి వేయరాదు.