ఆంధ్రా ప్యారిస్ నుంచి అసలు ప్యారిస్ దాకా.. తొందర లేని రైలు ప్రయాణం

తెనాలి: (మా గ్రామీణ విలేకరి)

పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే బస్సు టూర్లకు వెళ్ళివచ్చినవారు ఇప్పుడు మన పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. ఏం చూశారని అడిగితే సెల్‌ఫోను తీసి ఫొటోలు చూపిస్తారు. ఏ ఫొటో ఏ ఊరిదో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. తెల్లవారుజామున లేపి బస్సెక్కిస్తారు, రాత్రికి మరో దేశంలో దించుతారు. పాపం, వాళ్ళను అని ప్రయోజనం లేదు.

తెనాలికి కూతవేటు దూరంలోని ఒక పల్లెకు చెందిన రైతు దంపతులు మాత్రం 2025 మే, జూన్ నెలల్లో మూడు వారాలపాటు రైళ్ళ మీదే తిరిగి, నాలుగే నాలుగు ఊళ్ళలో బస చేసి వచ్చారు. ఆయనకు 68 ఏళ్ళు. ఆమెకు మోకాళ్ళు అరిగాయి. కీలు మార్పిడి తప్పదని డాక్టర్లు చెప్పగా, "ఆపరేషన్ అయ్యాక ఎట్లుంటానో ఏమో, ముందు మనవల్ని చూసి వస్తా"నని ఆమె పట్టుబట్టారు. కొడుకు, కోడలు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పదేళ్ళ మనవడు, ఆరేళ్ళ మనవరాలు పుట్టింది అక్కడే. వీడియోలో ఫోను చేస్తే "హాయ్ నాయనమ్మా" అని చెప్పి పరుగెత్తేవారట. అంతకుమించి తెలుగు రాదు.

కొడుకు మొదట బస్సు టూరుకే డబ్బు కట్టబోయాడు. వద్దన్నది పెద్దాయనే. "ఎకరం అమ్మి చదివించిన కొడుకు చూపిస్తానంటున్నాడు. చూసిందేదో కళ్ళనిండా చూస్తే చాలు, లెక్కకు ఎన్ని దేశాలైతే నాకెందుకయ్యా" అని ఈ విలేకరితో అన్నారు. పేర్లు పేపర్లో వేయొద్దని దంపతులిద్దరూ కోరారు.

ఒకే వీసా, ఒకే పాసు

యూరప్‌లో 29 దేశాలకు కలిపి షెంజెన్ వీసా ఒకటే సరిపోతుంది. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. వీరు జర్మనీ వీసాకు హైదరాబాద్‌లోని కేంద్రంలో వేలిముద్రలిచ్చారు. రుసుం పెద్దలకు 90 యూరోలు. యూరో అంటే వంద రూపాయలు, ఆ పైన అనుకుంటే లెక్క తేలిక. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా కూడా చూపాలి. 2025 అక్టోబరు నుంచి అక్కడ అడుగుపెట్టే విదేశీయుల ఫొటో, వేలిముద్రలు సరిహద్దులో కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి మొదలైంది. వీరు వెళ్ళినప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేసి పంపారు.

రైలుకు వీరు తీసుకున్నది యూరైల్ పాసు. 33 దేశాల్లో చెల్లుతుంది. రెండు నెలల్లో పది రోజులు, ఒక నెలలో ఏడు రోజులు.. ఇలా మనం ఎంచుకున్న రోజుల్లో ఎన్ని రైళ్ళయినా ఎక్కవచ్చు. ఊళ్ళో ఆగిన రోజులు లెక్కలోకి రావు. తీరిగ్గా తిరిగేవారికి ఇందులోనే లాభం ఉంది. 60 దాటినవారికి పది శాతం తగ్గింపు. 12 ఏళ్ళ లోపు పిల్లలు పెద్దవారి వెంట ఉచితంగా వెళ్ళవచ్చు. యూరప్‌లో కాపురముండేవారికి ఇదే పాసును ఇంటర్‌రైల్ పేరుతో ఇస్తారు. కొడుకు, కోడలు అది తీసుకున్నారు. ఒక మెలిక ఉంది. ఫ్రాన్సులోని టీజీవీ, యూరోస్టార్ వంటి వేగం బళ్ళలో పాసు ఉన్నా సీటుకు విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో చాలా బళ్ళకు ఆ బాధ లేదు, ఖాళీ సీటు చూసి కూర్చోవడమే.

తలుపులు మూసుకున్నాయి

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్ నగరానికి 2002లో వేసిన కొత్త లైను మీద గంట పైచిలుకులో చేరవచ్చు. వీరు పాత లైన్లో, రైన్ నది ఒడ్డునే పోయే పాసింజరు లాంటి బండి ఎక్కారు. సమయం రెట్టింపు పైనే పడుతుంది. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల లోయను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఉత్తరానికి పోయేటప్పుడు కుడివైపు కిటికీ పట్టాలి, నది అటే ఉంటుంది. కొండకో కోట. కౌబ్ అనే ఊరి దగ్గర నది నడిమధ్య ఓడలాగా ఒక కోట, పూర్వం పడవల దగ్గర సుంకం వసూలు చేసేందుకు కట్టింది. నిట్రంగా ఉన్న కొండవాలు మీద ద్రాక్షతోటలు. పెద్దాయన కోటల కన్నా తోటలే ఎక్కువ చూశారు. "ఆ వాలు మీద మనిషి నిలబడి కాయ కోసేదెట్లా, మందు కొట్టేదెట్లా" అని మనవణ్ణి అడిగితే, వాడు తండ్రిని అడిగి, తండ్రి ఫోనులో వెతికి.. అలా ముగ్గురికీ అరగంట గడిచింది.

బోపార్డ్ అనే చిన్న స్టేషన్లో బండి ఆగింది. పెద్దాయన అలవాటు ప్రకారం సీసా పట్టుకుని నీళ్ళకు దిగారు. అక్కడ ఈల ఊది, జెండా ఊపి, కదిలీ కదలకుండా పోయే బండి ఉండదు. నిమిషం, రెండు నిమిషాలు ఆగుతుంది. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. వెనక్కి తిరిగేసరికి బండి కదిలింది. లోపల నుంచి మనవరాలు అద్దం మీద చేతులతో కొట్టడం ఆయనకు కనిపించింది.

చేతిలో ఫోను లేదు. భాష రాదు. జేబులో ఒక కాగితం మాత్రం ఉంది. 2016 కృష్ణా పుష్కరాల్లో పిల్లల జేబుల్లో పేరు, ఊరు రాసి పెట్టినట్టుగా, బయల్దేరే రోజు ఇల్లాలు ఆయన జేబులో కొడుకు నంబరు రాసి పెట్టారు. అప్పుడు నవ్విన ఆయన ఇప్పుడు దాన్ని పిడికిట్లో పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. ఎవరినైనా అడుగుదామా అనుకుని మానుకున్నారట. "కదిలితేనే తప్పిపోతాం. మా ఊరి తిరునాళ్ళలో మేం పిల్లలకు చెప్పేది అదేగా" అన్నారు. కొడుకు తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు బండి పట్టుకుని, ముప్పావు గంటలో వచ్చాడు. కోడలు, పిల్లలు, పెద్దామె కోబ్లెంజ్‌లో ఎదురుచూశారు. ఆ ముప్పావు గంటా తానేం అనుకున్నదీ పెద్దామె చెప్పలేదు. కొంగు అంచు మెలితిప్పుతూ నేలచూపులు చూశారు.

ఆ రోజు నుంచి బండి మారాల్సినచోట గంటన్నర తగ్గకుండా వ్యవధి పెట్టుకున్నారు. ఇంకో మార్పు కూడా వచ్చింది. స్టేషన్లో దిగినప్పుడల్లా మనవడు తాతయ్య చెయ్యి పట్టుకోవడం మొదలెట్టాడు. ప్లాట్‌ఫారాన్ని జర్మన్లో "గ్లైస్" అంటారని వాడు తాతకు నేర్పితే, పట్టా, బోగీ, గార్డు అని తాత వాడికి నేర్పారు.

కొలోన్ స్టేషన్ గుమ్మం దాటితే ఎదురుగా 157 మీటర్ల ఎత్తు చర్చి. 1248లో మొదలుపెట్టి, మధ్యలో కొన్ని శతాబ్దాలు పని ఆపేసి, 1880లో పూర్తి చేశారు. మన పల్లెల్లో అసంపూర్తిగా నిలిచిన గుళ్ళ ధర్మకర్తలు కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు.

ప్యారిస్‌లో కరివేపాకు

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం గనుక అసలుది ఎలా ఉంటుందోనని ఆసక్తి. కొలోన్ నుంచి బెల్జియం మీదుగా మూడున్నర గంటల లోపే చేరారు. దారిలో ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. అలాగని పెట్టెలో అడుగున పడేయకూడదు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది.

అయిదు రోజులు ఒకే చోట, వంటగది ఉన్న ఇంట్లో దిగారు. నార్డ్ స్టేషన్‌కు దగ్గర్లోని లా షపెల్ ప్రాంతమంతా శ్రీలంక తమిళుల దుకాణాలు. కరివేపాకు, మునక్కాయలు, బియ్యం అన్నీ దొరికాయి. వినాయకుడి గుడి కూడా ఉంది. రెండోనాటి నుంచి పెద్దామె పొద్దున్నే కోడలితో సంచి పట్టుకుని బజారుకు వెళ్ళి వచ్చేవారు. ఊళ్ళో ఉన్నట్టే ఉందన్నారు.

ప్యారిస్ భూగర్భ రైళ్ళకు పేరుంది కానీ చాలా స్టేషన్లలో లిఫ్టులు లేవు. మెట్లు దిగాలి, ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులవారికి నరకం. మొదటి రోజే ఆ సంగతి తెలిసి, మిగతా నాలుగు రోజులూ సిటీ బస్సుల్లో తిరిగారు. రోజుకు ఒక్కటే చూడాలని నియమం. ఒకనాడు ఈఫిల్ టవర్, 330 మీటర్లు, 1889లో కట్టింది. ఒకనాడు 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో తిరిగి తెరిచిన నోత్రదామ్ చర్చి. ఒకనాడు ఓర్సే మ్యూజియం. ఈ మ్యూజియం 1900లో కట్టిన రైల్వే స్టేషనే. బళ్ళు నిలిచిపోయాక 1986లో బొమ్మల ప్రదర్శనశాల అయింది. పెద్దాయన చిత్రాలు కాసేపు చూసి, మిగతా సేపు స్టేషన్ గడియారం కింద కూర్చున్నారు. ఎవరూ లేవమనలేదు.

ఒక గుడి, మూడుసార్లు

అక్కడి నుంచి బాసెల్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్. అక్కడ యూరో కాదు, ఫ్రాంకు నడుస్తుంది. ధరలు విని పెద్దామె మళ్ళీ పులిహోర కట్టడం మొదలెట్టారు. నీళ్ళకు మాత్రం కొదవ లేదు, వీధి కుళాయిల్లో తాగవచ్చు.

లూసెర్న్ సరస్సు మీద స్టీమరుకు కూడా పాసు చెల్లుతుంది. దాని మీద ఫ్లూలెన్ దాకా వెళ్ళి అక్కడ రైలెక్కారు. ఆల్ప్స్ కొండల కింద 2016లో తెరిచిన గొట్టార్డ్ కొత్త సొరంగం 57 కిలోమీటర్లు. ఆ దారిన వేగం బళ్ళు ఇరవై నిమిషాల్లో కొండ దాటేస్తాయి. కానీ కొండే కనపడదు. 1882 నాటి పాత లైను మీద ఇప్పటికీ బళ్ళు నడుస్తున్నాయి. గంట ఆలస్యమైనా వీరు అదే ఎంచుకున్నారు.

ఆ దారిలో వాసెన్ అనే పల్లె ఉంది, అందులో తెల్లటి చర్చి. బండి కొండ లోపల చుట్టు తిరిగే సొరంగాల గుండా ఎక్కుతుంది. మొదట చర్చి తలెత్తి చూసేంత పైన ఉంటుంది. చీకట్లోకి పోయి వస్తే కిటికీకి సమంగా కనబడుతుంది. మళ్ళీ పోయి వస్తే కింద, బొమ్మంత. ఏ పక్కన కనబడుతుందోనని నాయనమ్మ, మనవరాలు పందెం కాశారు. మూడింటిలో రెండు మనవరాలు గెలిచింది. అరకు వెళ్ళే కిరండూల్ లైన్లో సొరంగాలు లెక్కపెట్టినవారికి ఈ సరదా తెలుసు. పైన ఉన్న పాత పెద్ద సొరంగం 15 కిలోమీటర్లు. తవ్వినప్పుడు దాదాపు 200 మంది కూలీలు చనిపోయారు. కట్టించిన ఇంజినీరు లూయీ ఫావ్ర్ కూడా 1879లో ఆ సొరంగంలోనే ప్రాణం విడిచాడు. కొడుకు ఈ సంగతి చెబితే, సొరంగం దాటేదాకా పెద్దాయన మాట్లాడలేదు.

పిల్లలకు బండిలో తోచకపోతే పెద్దామె కాగితం మీద గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడించారు. గవ్వల్లేవు. నాలుగు యూరో నాణేలు వేశారు. ఆ నాణేలకు ఒక వైపు బొమ్మ అన్ని దేశాల్లోనూ ఒకటే, రెండోవైపు దేశానికో తీరు. దేశం బొమ్మలు నాలుగూ పైకి పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆట మొత్తం తెలుగులో నడిచింది.  "పంట", "చంపా" అనే మాటలు మనవరాలికి అలా వచ్చాయి.

మిలాన్ నుంచి వెనిస్ దాకా మోకాలెత్తు మొక్కజొన్న చేలు. తెనాలి చుట్టుపక్కల ఉన్నట్టే ఉందన్నారు పెద్దాయన. యూరప్‌లో వరి ఎక్కువ పండించేది ఇటలీయే అని తెలిసి, దారిలో కనబడలేదని నొచ్చుకున్నారు. ఆ మాగాణి మిలాన్‌కు పడమర వైపు ఉంది.

వెనిస్‌కు రైలు నీళ్ళ మీది వంతెన దాటి చేరుతుంది. స్టేషన్ మెట్లు దిగితే రోడ్డు ఉండదు, కాలవ ఉంటుంది. బస్సంటే పడవే. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారి నుంచి 2024 నుంచి కొన్ని ప్రత్యేక రోజుల్లో ప్రవేశ రుసుం వసూలు చేస్తున్నారు, ముందుగా కడితే 5 యూరోలు. రాత్రి బస చేసేవారికి అది లేదు. మూడు కాలవల ఊరివాళ్ళం మాకు కాలవలు కొత్తా అంటూనే, దంపతులిద్దరూ మూడు సాయంత్రాలూ గట్టునే గడిపారు. వంతెనల మెట్లెక్కలేక పెద్దామె సగం ఊరు చూడలేదు. ఆ విషయం దాచలేదు.

తిరుగు ప్రయాణంలో జర్మనీలో బండి గంట పైనే ఆలస్యం. అక్కడ రైళ్ళు గడియారంలా నడుస్తాయన్నది పాతమాట. 2024లో దూరపు బళ్ళలో వేళకు చేరినవి 62.5 శాతమే. అయితే టిక్కెట్టు కొన్నవారికి గంట ఆలస్యమైతే నాలుగో వంతు, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కివ్వాలని అక్కడి చట్టం చెబుతోంది. ఈ ఒక్క ముక్క మన రైల్వేవారు కూడా చదివితే బాగుండును.

పెద్దామెకు ఆగస్టులో ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర సాయంతో నడుస్తున్నారు. ఆదివారం ఫోనులో పిల్లలు ఇప్పుడు పరుగెత్తడం లేదు, నిలబడి మాట్లాడుతున్నారు. డిసెంబరు సెలవులకు వస్తామన్నారు. గుంటూరు నుంచి నల్లమల అడవి మీదుగా నంద్యాల పోయే బండి ఎక్కించాలని తాత పట్టుదల. కారైతే తొందరగా పోవచ్చని కొడుకు అంటున్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు.