మొదట చేతికొచ్చిన లాభమే ఎర

క్రిప్టో పేరిట లక్షలు పోగొట్టుకున్నారన్న వార్త చదివితే ఠక్కున ఓ తీర్పు ఇచ్చేస్తాం: ఆశకు పోయారు, అనుభవించారు. అనేసి పేజీ తిప్పేయడం తేలికే. కానీ బాధితుల్లో డాక్టర్లున్నారు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు, లెక్కల్లోనే తలపండిన రిటైర్డ్ ఉద్యోగులున్నారు. వాళ్లలో చాలామంది గుడ్డిగా దిగినవాళ్లు కారు. ముందు అనుమానపడ్డారు, కాస్త వేసి చూశారు, తీసి చూశారు, డబ్బు చేతికొచ్చాకే నమ్మారు. జాగ్రత్తపరుడు చేసే పరీక్షే వాళ్లూ చేశారు. మోసగాడు ఆ పరీక్షకు ముందే సిద్ధమై కూర్చుంటాడు. మనం రుజువనుకునేదాన్ని తయారుచేసి చేతికిచ్చేది అతడే. అందుకే ఆశ తగ్గించుకోమని చెప్పే హితబోధ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

మన దేశంలోనే నడిచిన గెయిన్‌బిట్‌కాయిన్ సంగతి చూడండి. అమిత్ భరద్వాజ్ మొదలుపెట్టిన ఈ పథకంలో బిట్‌కాయిన్ ఇస్తే నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు తిరిగిస్తామన్నారు. ఒకటి ఇస్తే 1.8 వస్తుందన్నమాట. మైనింగ్ యంత్రాలే అంత సంపాదిస్తాయని చెప్పారు. మైనింగ్ ఎలా నడుస్తుందో తెలిసినవారికి ఇక్కడే తేడా కనిపించాలి. కొత్త బిట్‌కాయిన్లు ప్రపంచం మొత్తానికి దాదాపు పది నిమిషాలకోసారి ఓ నిర్ణీత సంఖ్యలోనే పుడతాయి. పోటీ పెరిగేకొద్దీ ఒక్కో యంత్రం వాటా తగ్గుతుంది. పైగా 2016 జులైలో ఆ సంఖ్య 25 నుంచి 12.5కు, అంటే సగానికి పడిపోయింది. ఇన్ని ఒడిదుడుకులున్న పనిలో నెలనెలా తప్పని 10 శాతం ఎక్కణ్నుంచి వస్తుంది? కొంతకాలం చెల్లింపులు జరిగాయి, అందుకే జనం పెరిగారు. తర్వాత బిట్‌కాయిన్‌కు బదులు ఎంక్యాప్ అనే సొంత టోకెన్ అంటగట్టారు. వసూలైన బిట్‌కాయిన్ల విలువ 2017లో దాదాపు 6,600 కోట్ల రూపాయలని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) లెక్కగట్టింది. భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు, 2022 జనవరిలో చనిపోయాడు.

బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో పథకాన్ని స్థాపించిన సూరత్‌వాసి సతీష్ కుంభానీపై అమెరికా న్యాయశాఖ 2022లో మోపిన అభియోగమూ ఇదే దారిలో ఉంది. మార్కెట్ ఎటు కదిలినా లాభం తీసే సాఫ్ట్‌వేర్ ఉందంటూ బిట్‌కనెక్ట్ దాదాపు 240 కోట్ల డాలర్లు రాబట్టిందని, కొత్తవాళ్ల డబ్బే పాతవాళ్లకు లాభంగా పంచిందని అందులో ఉంది. ఇక రూజా ఇగ్నతోవా నడిపిన వన్‌కాయిన్‌కైతే అసలు బ్లాక్‌చెయినే లేదని అమెరికా దర్యాప్తులో తేలింది. కాయిన్ ధర మార్కెట్లో పుట్టలేదు, కంపెనీయే నిర్ణయించుకుంది. 2017 అక్టోబరు నుంచి ఆమె జాడ లేదు.

ఇప్పటి మోసానికి హోటల్లో మీటింగులూ, చెయిన్ కట్టే ఏజెంట్లూ అక్కర్లేదు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో గ్రూపు, అందులో ఒక ‘సర్’, ఆయన చెప్పినట్టు చేస్తే వచ్చిందంటూ స్క్రీన్‌షాట్లు పెట్టే సభ్యులు చాలు. వాళ్లిచ్చిన లింకుతో వేసుకున్న యాప్ అచ్చం ట్రేడింగ్ యాప్‌లాగే ఉంటుంది. గ్రాఫులు కదులుతాయి, బ్యాలెన్స్ పెరుగుతుంది. ఆ అంకె వెనుక కాయినూ ఉండదు, కొనుగోలూ ఉండదు. అవతల కూర్చున్నవాడు ఎంత టైప్ చేస్తే అంత. డబ్బు వేసేటప్పుడు మాత్రం ఒక చిన్న విషయం బయటపడుతుంది. అంతర్జాతీయ ఎక్స్ఛేంజ్ అని చెప్పుకునేవాళ్లు ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరున్న కరెంట్ అకౌంట్‌కు పంపమంటారు. మర్నాడు అకౌంట్ మారుతుంది, పేరూ మారుతుంది. గ్రాఫు చూసే కళ్లకు ఈ పేరు ఆనదు. యాప్ మొత్తంలో నిజమైన సమాచారం అదొక్కటే.

‘నేను పదివేలు తీశాను, బ్యాంకులో పడ్డాయి కదా’ అనే వాదన బలంగానే వినిపిస్తుంది. పడ్డమాట నిజమే. పది లక్షలు రాబట్టడానికి పదివేలు వాడికి ప్రచారం ఖర్చు. మా బావమరిదికి వస్తున్నాయన్నదీ అలాంటిదే. బావమరిది అబద్ధమాడటం లేదు, ఆయనకు ఎర ఇంకా నడుస్తోందంతే. చిన్న మొత్తం తిరిగి రావడంతో తెలిసేది చిన్న మొత్తం తిరిగొచ్చిందని మాత్రమే.

పెద్ద మొత్తం అడిగినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. లాభం మీద 30 శాతం పన్ను ముందు కట్టాలి, అప్పుడే విడుదల అంటారు. ఆ అంకె నిజమైన చట్టంలోదే కాబట్టి చదువుకున్నవాళ్లూ బోల్తా పడతారు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను, ఆ జులై నుంచి లావాదేవీపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. అయితే టీడీఎస్‌ను అమ్మిన మొత్తంలోంచే మినహాయిస్తారు. మిగతా పన్ను మన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు మనమే కట్టుకుంటాం. యాప్ వాడికి కట్టేదేమీ లేదు. నా డబ్బు నాకివ్వడానికి మళ్లీ నన్నే డబ్బు తెమ్మంటే, వాళ్ల దగ్గర ఇవ్వడానికేమీ లేదని అర్థం. బ్యాలెన్స్‌లోంచే కోసుకోండి అని చూడండి, వంద సాకులు వస్తాయి.

క్రిప్టోయే పెద్ద మోసం కదా, దాన్ని ముట్టుకోకపోతే సరి అనేవారూ ఉన్నారు. ముట్టుకోకపోవడం ఎవరిష్టం వారిది. కానీ ఈ యాప్‌లలో డబ్బు పోయినవాళ్లలో చాలామంది ఒక్క కాయిన్ కూడా కొననేలేదు. మోసగాళ్లు రేపు షేర్లనీ బంగారమనీ పేరు మార్చినా పద్ధతి ఇదే. మరి రిజిస్టరైన ఎక్స్ఛేంజ్ అయితే ఢోకా లేదా? 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, కేంద్ర ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్‌ఐయూ) దగ్గర నమోదు కావాలి. కంపెనీ ఎవరిదో తెలియడానికి అది పనికొస్తుంది గానీ డబ్బుకు పూచీ కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆస్తులు ఎత్తుకుపోయారు. నష్టభయం వేరు, మోసం వేరు. రెండోది లేకపోయినా మొదటిది ఉంటుంది.

చాట్‌లో ఆప్యాయంగా పలకరించే గొంతూ రుజువేమీ కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. ఆ కబుర్లు షిఫ్టుల్లో, రాసిచ్చిన స్క్రిప్టు చూసి చెప్పేవి కావచ్చు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి లెక్క గంటల్లోనే. అది ఇంకా ఏదో బ్యాంకు ఖాతాలో ఉంటే, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే స్తంభింపజేసే వీలుంది. యూఎస్‌డీటీ అనే క్రిప్టోగా మారి విదేశీ వాలెట్‌కు వెళ్లాక ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. లావాదేవీకి బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరు, డబ్బు వేసిన ఖాతా వివరాలు, చాట్‌లు చెరిపేయకుండా ఉంచాలి. పరువు పోతుందని నాలుగు రోజులు ఆగితే ఈలోగా ‘పోయిన క్రిప్టో రాబడతాం, ముందుగా కొంత ఫీజు’ అంటూ మరొకడు తగులుతాడు. మీ నంబరు వాడికి ఇచ్చింది చాలాసార్లు మొదటివాడే.