"జస్ట్ స్కానింగే కదా మామా": శిశుహత్య గురించి మనం మాట్లాడుకోని విషయాలు

వెనకాల గోవింద నామాలు వినిపిస్తున్నాయి కదా, అలిపిరి పాదాల మండపం దగ్గర కూర్చుని ఈ ఎపిసోడ్ రికార్డ్ చేస్తున్నా. ఇప్పుడే ఒకాయన కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలంట. ఆ పాపని చూశాక ఈ టాపిక్ మాట్లాడటం కష్టంగానే ఉంది, కానీ మాట్లాడాలి.

పోయిన వారం నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. వాడికి ఒక పాప ఉంది. భార్యకి ఇప్పుడు నాలుగో నెల. "మామా, బోర్డర్ దాటితే స్కానింగ్‌లో ఆడా మగా చెప్తారంట, నీకెవరైనా తెలుసా?" అన్నాడు. నేను గమ్మునుండిపోయా. "ఏందిరా, చంపుతున్నామా ఏంది? జస్ట్ స్కానింగే కదా" అన్నాడు. ఆ మాటకి నా సమాధానమే ఈ ఎపిసోడ్.

ముందు మా ఇంటి సంగతి చెప్తా. మా అవ్వకి నలుగురు పిల్లలని చిన్నప్పటి నుంచి విన్నా. కానీ ఒకసారి ఆమే నోరు జారింది, ఐదు కాన్పులని. మూడోది ఆడబిడ్డ. "ఏమైందవ్వా?" అంటే, "పొద్దున లేచేసరికి బిడ్డ లేదు నాయనా. పాలు తాగలేదు, పోయిందన్నారు. నన్నెవరు అడిగినారు?" అంది. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. నిజంగా ఏం జరిగిందో నాకు తెలీదు. కానీ "నన్నెవరు అడిగినారు" అన్న మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

శిశుహత్య అనగానే, చదువులేనోళ్ళు చేసే పని, ఎక్కడో జరిగే పని అనుకుంటాం. చరిత్ర చూస్తే అట్లా లేదు. పాత రోమ్‌లో పుట్టిన బిడ్డని పెంచాలా, బయట వదిలేయాలా అన్నది ఇంటి పెద్ద నిర్ణయం. అక్కడ శిశుహత్యని మరణశిక్ష వేయదగ్గ నేరం చేసింది క్రీ.శ. 374లో. జపాన్‌లో ఎడో కాలంలో రైతులు దీన్ని "మబికి" అనేవాళ్ళు. అంటే నారు ఒత్తుగా ఉంటే కొన్ని పీకి పలచన చేయడం. పంటకి వాడే మాటని పసిబిడ్డకి వాడారు. ఇస్లాంకి ముందు అరేబియాలో ఆడబిడ్డల్ని పూడ్చిపెట్టే ఆచారం ఉండేది, ఖురాన్ దాన్ని ఖండించింది. మన దేశంలో 1789లో బెనారస్‌లోని బ్రిటిష్ అధికారి జోనథన్ డంకన్ కొన్ని రాజపుత్ర కుటుంబాల్లో ఈ పని జరుగుతోందని రిపోర్ట్ చేశాడు. వాళ్ళు పేదోళ్ళు కాదు, భూములున్నోళ్ళు. దీని మీద ప్రత్యేక చట్టం 1870లో వచ్చింది.

మరి కారణం ఏంది? ఒకచోట కరువు, ఒకచోట పరువు, ఒకచోట కట్నం. పైకి వేరువేరుగా ఉన్నా లోపల లెక్క ఒకటే: ఈ బిడ్డ మనకి ఖర్చా, ఆదాయమా?

దీనికి మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు లంబాడీ తండాల్లో ఆడశిశువుల్ని చంపడం, అమ్మేయడం 1990ల చివర్లో బయటపడి పెద్ద వార్త అయింది. కానీ లంబాడీల పాత ఆచారంలో పెళ్ళికొడుకు వైపు వాళ్ళే అమ్మాయికి ఓలి ఇచ్చేవాళ్ళు. తర్వాత బయట సమాజం నుంచి కట్నం వాళ్ళలోకి వచ్చింది. లెక్క తిరగబడింది, ఆడబిడ్డ భారమైపోయింది. అంటే ఇది ఏ జాతి రక్తంలోనూ లేదు. మన దగ్గరి నుంచి పాకిన రోగం అది.

తర్వాత టెక్నాలజీ వచ్చింది. పుట్టాక చేసే పని పుట్టకముందుకి జరిగింది, అంతే. అందుకే 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం తెచ్చారు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం, చెప్పమని అడగడం రెండూ నేరమే. మొదటిసారి దొరికితేనే మూడేళ్ళ వరకు జైలు.

ఇక్కడ ఒక్క క్లారిటీ. అబార్షన్, శిశుహత్య ఒకటే అని నేను అనట్లేదు. చట్టం చెప్పిన పరిధిలో అబార్షన్ చేయించుకునే అవకాశం ఆడవాళ్ళకి 1971 నుంచి ఉంది, ఉండాలి కూడా. తన శరీరం గురించి ఆమె తీసుకునే నిర్ణయం వేరు. ఆడపిల్ల కాబట్టి వద్దని ఇంటిల్లిపాదీ ఆమె మీద రుద్దే నిర్ణయం వేరు.

ఇప్పుడు నంబర్లు చూద్దాం. ప్రకృతి లెక్కన 1000 మంది మగపిల్లలకి సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. ఆరేళ్ళ లోపు పిల్లల్లో చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961 ఉండేది, 2011కి 939 అయింది. ఈ మధ్యలో మనం ఇంకా చదువుకున్నాం, ఇంకా సంపాదించాం. నంబర్ మాత్రం తగ్గింది. ఎన్టీఆర్ హయాంలో 1983లో మన తిరుపతిలోనే పద్మావతి మహిళా యూనివర్సిటీ పెట్టారు, 1980ల్లోనే ఆడపిల్లకి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. చట్టం ముందే వచ్చింది, ఇంట్లో లెక్క మారలేదు. గంగజాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకునే ఊరు మనది. ఆ భక్తి కాన్పు గది దాకా ఎందుకు రాదు?

ఆడపిల్లలు తగ్గితే ఏమవుతుంది? హర్యానాలో 2001లో ఈ నంబర్ 819. అక్కడ పెళ్ళికూతుళ్ళు దొరక్క వేరే రాష్ట్రాల పేదింటి అమ్మాయిల్ని డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ళు తగ్గితే వాళ్ళ విలువ పెరుగుతుందని కొందరంటారు. పెరిగింది విలువ కాదు, రేటు.

మరి మారదా అంటే, మారుతుంది. దక్షిణ కొరియాలో 1990లో 100 మంది ఆడపిల్లలకి 116 మంది మగపిల్లలు పుట్టేవాళ్ళు. ఇరవై ఏళ్ళలోపే అది మామూలు స్థాయికి దగ్గరగా వచ్చింది. ఆడవాళ్ళు చదివారు, ఉద్యోగాల్లోకి వచ్చారు, కొడుకే ఇంటి పెద్ద అనే చట్టాన్ని 2008లో తీసేశారు. కొడుకు లేకపోతే ముసలితనంలో దిక్కెవరన్న భయం తగ్గింది, లెక్క మారింది.

ఇంకో రకం కేసు ఉంది. పెళ్ళికాని తల్లి భయంతో బిడ్డని పొదల్లో వదిలేయడం. పేపర్లో "కసాయి తల్లి" అని రాస్తారు, తండ్రి ఊసు ఉండదు. ఇంగ్లండ్‌లో 1922 నుంచే, కాన్పు తర్వాత మనసు చెదిరిన తల్లి కేసుని మామూలు హత్యలా చూడకుండా వేరే చట్టం ఉంది. మన దగ్గర అట్లాంటి వేరే చట్టం లేదు. కానీ ఒక దారి ఉంది, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి: బిడ్డని పెంచలేని పరిస్థితి ఉంటే బాలల సంక్షేమ కమిటీకి చట్టప్రకారం అప్పగించొచ్చు. అది నేరం కాదు. మనసు మారితే తిరిగి తీసుకోవడానికి రెండు నెలల టైమ్ కూడా ఇస్తారు. 1098కి ఫోన్ చేస్తే చాలు. ఈ ఒక్క నంబర్ తెలియక పోయిన ప్రాణాలు ఎన్నో.

చివరికి నా ఫ్రెండ్ సంగతి. నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి చట్టం, జైలు అన్నీ చెప్పా. వాడు పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు ఒక్కటే అడిగా: "నీ భార్యని అడిగావా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లేదు మామా" అన్నాడు.

మా అవ్వనీ ఎవరూ అడగలేదు. అరవై ఏళ్ళయింది. మీ ఇంట్లో ఈ మాట వచ్చిన రోజు, కనీసం మీరు అడగండి.

మళ్ళీ కలుద్దాం.