మీకు తెలుసా? పెళ్లి మాట వెనుక మనసు లెక్క

స్వలింగ వివాహాన్ని గే, బైసెక్సువల్ పురుషులంతా ఒకేలా చూడరు. కొందరికి అది ఏళ్లనాటి కల. ఇంకొందరికి తలచుకుంటేనే బెరుకు.

• చిన్నప్పటి నుంచి విన్న ఎగతాళి మెల్లగా సొంత అభిప్రాయమై కూర్చుంటుంది. ‘నాలాంటివాడికి పెళ్లేంటి?’ అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. తిరస్కారం తప్పదన్న భయం, దాచుకుని బతకడం దానికి తోడవుతాయి. అమెరికా శాస్త్రవేత్త ఇలాన్ మేయర్ 2003లో వీటన్నిటినీ ‘మైనారిటీ ఒత్తిడి’ సిద్ధాంతంలో వివరించారు.

• చట్టం మనసునూ తాకుతుంది. 2004–05లో స్వలింగ వివాహాన్ని నిషేధించిన అమెరికా రాష్ట్రాల్లో గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో డిప్రెషన్ వంటి మూడ్ సమస్యలు 36.6 శాతం పెరిగాయని 2010లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

• ఆస్ట్రేలియాలో స్వలింగ వివాహంపై 2017లో జరిగిన పోస్టల్ సర్వేలో 61.6 శాతం మంది ‘అవును’ అన్నారు. అయినా ‘వద్దు’ ప్రచారం ఎక్కువగా చెవిన పడిన గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో మానసిక వేదన ఎక్కువగా కనిపించింది. అయినవాళ్ల అండ ఉన్నవారిపై ఆ ప్రభావం తగ్గింది.

• ఆ అండ ఎలా ఉంటుందో మన దగ్గరే చూశాం. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు పురుషులు 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. పసుపు, మెహందీ, సంగీత్ అన్నీ జరిగాయి. తర్వాత చట్టబద్ధత కోసం వీరు సుప్రీంకోర్టుకెళ్లారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న ధర్మాసనం తీర్పిచ్చింది.

మీ ఇంట్లో ఎవరైనా తాను గే లేదా బైసెక్సువల్ అన్న సంగతి చెప్పలేక తడబడుతుంటే, పక్కన కూర్చుని పూర్తిగా వినండి.