మధ్యశ్రేణి స్మార్ట్‌ఫోన్: బలాబలాల బేరీజు

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థలకు వచ్చే విద్యార్థికి ఫోనే రెండో తరగతి గది. అతను పక్కనే ఉన్న పంజాగుట్టలో మధ్యశ్రేణి ఫోన్ కొనబోతున్నాడనుకుందాం. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, పెద్ద తెర దాని బలాలు. 108 మెగాపిక్సెళ్ల కెమెరా కూడా బలంగానే కనిపిస్తుంది. కాని సెన్సార్ చిన్నదైతే మసక వెలుతురులో ఫొటో స్పష్టంగా రాదు.

అసలు బలహీనత అట్టపెట్టె మీద కనిపించదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం క్షేమం కాదు. అందువల్ల అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో ముందుగా అడగాలి. 15,000 రూపాయల ఫోన్ రెండేళ్లు పనికొస్తే ఏడాదికి 7,500 రూపాయలు పడుతుంది. 18,000 రూపాయల ఫోన్ నాలుగేళ్లు పనికొస్తే 4,500 రూపాయలే. మీ ఫోన్‌కూ ఇదే లెక్క వేసి చూడండి.